సావో టోమే - ప్రిన్సిపీ: సముద్రం కోసం అయితే వెళ్లకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జనవరిలో పన్నెండు రోజుల సెలవు ఉంది. మాల్దీవులు, మారిషస్ చూసేశారు. జనం అంతగా వెళ్లని ఉష్ణమండల ద్వీపదేశం ఒకటి కావాలి. పటంలో ఆఫ్రికా చంక కింద రెండు చుక్కల్లా కనిపించే సావో టోమే - ప్రిన్సిపీ మీద కన్ను పడింది. అక్కడ చూడటానికి ఏముంది, అంత దూరం వెళ్లడం దండగ కాదు కదా?

నేను అంగోలా రాజధాని లువాండాలో ఆరేళ్లు ఒక నిర్మాణ సంస్థ లెక్కలు చూశాను. అక్కడి నుంచి ఈ దేశానికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి నాలుగు రోజులు, బీచ్ అనుకుని వెళ్లి, వానలో తడిసి, విసుక్కుంటూ తిరిగొచ్చాను. రెండోసారి పదకొండు రోజులు ఉన్నాను. మా నాన్నగారికి ఏలూరు దగ్గర కొబ్బరితోటలో అంతరపంటగా కోకో ఉంది. ఆ కళ్లతో చూసినప్పుడు గానీ ఆ దేశం నాకు అర్థం కాలేదు. అందుకే నా జవాబు కూడా కోకో చుట్టూనే తిరుగుతుంది, ఓపిక పట్టండి. ఒక్క మాట ముందే చెబుతాను: నీలం నీళ్లు, తెల్లటి ఇసుక, నీటి మీద గది కావాలంటే మాల్దీవులకే మళ్లీ వెళ్లండి. తక్కువ శ్రమ.

ముందు ఎక్కడుందో చూద్దాం. గినియా సింధుశాఖలో, గాబన్ తీరానికి పడమరగా, భూమధ్యరేఖ పక్కనే రెండు అగ్నిపర్వత ద్వీపాలు. పెద్దది సావో టోమే, పొడవు యాభై కిలోమీటర్లు కూడా లేదు. చిన్నది ప్రిన్సిపీ, దానికి ఈశాన్యంగా నూట యాభై కిలోమీటర్ల దూరంలో. రెండూ కలిపితే వెయ్యి చదరపు కిలోమీటర్లు. జనాభా రెండు లక్షల పైచిలుకు, అంటే ఇంచుమించు మన ఏలూరు పట్టణమంత. అందులో ప్రిన్సిపీలో ఉండేది పదివేలకు లోపే. ఆఫ్రికాలో ఇంతకంటే చిన్న దేశం సీషెల్స్ ఒక్కటే.

పేరులోనే మనకు తెలిసిన మనిషి ఉన్నాడు. 1470 ప్రాంతంలో పోర్చుగీసు నావికులు అపొస్తలుడైన తోమా పండుగ నాడు ఈ దీవిని చూశారట, అందుకే సావో టోమే. చెన్నైలో మైలాపూరు పక్కన శాంతోమ్ ఉంది కదా, అదే పేరు, అదే సాధువు, పెట్టింది ఆ పోర్చుగీసువాళ్లే. నేను ఈ మాట అక్కడ ఒక చర్చి కాపలాదారుకు చెబితే, మా తోమా మీ దగ్గర చనిపోయాడన్నమాట అని నాతో చేయి కలిపాడు.

పోర్చుగీసులు దిగేటప్పటికి రెండు దీవుల్లోనూ మనుషులు లేరు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతావి చాలా వరకు వాటంతట అవే తెలుస్తాయి. ఇప్పుడు అక్కడున్న ప్రతి మనిషి పూర్వీకులనూ ఎవరో ఒకరు ఎక్కడి నుంచో తెచ్చారు, ఎక్కువగా బలవంతంగా. పదహారో శతాబ్దంలో చెరకు కోసం ఆఫ్రికా తీరం నుంచి బానిసలను తెచ్చారు. 1595లో అమడోర్ అనే బానిస నాయకత్వంలో తిరుగుబాటు జరిగింది. దాన్ని అణిచేసి ఆయన్ను చంపారు. తర్వాతి కాలంలో ఆయన ఆ దేశపు నోట్ల మీద రాజుగా ఎక్కాడు, జనవరి 4 ఆయన పేరిట సెలవు. మీరు ముందుగా చేరుకుంటే ఆ రోజు అక్కడే ఉండొచ్చు. చెరకు వ్యాపారం బ్రెజిల్‌కు తరలిపోయాక రెండు వందల ఏళ్లకు పైగా ఈ దీవులు ఓడలకు మజిలీగా, బానిసల బేరానికి అడ్డాగా మిగిలాయి.

తర్వాత కోకో వచ్చింది. 1820ల్లో బ్రెజిల్ నుంచి మొదట ప్రిన్సిపీకి తెచ్చారు, 1850ల్లో సావో టోమేలో పెద్దఎత్తున వేశారు. అగ్నిపర్వతపు నల్లమట్టి, ఏడాదంతా తేమ, పెద్ద చెట్ల నీడ. కోకోకు ఇంతకంటే ఏం కావాలి? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొన్నేళ్లు ప్రపంచంలో కోకో ఎక్కువగా పండించింది ఈ బుల్లి దేశమే. 1913లో 36 వేల టన్నులకు పైగా ఎగుమతి చేసింది. ఇప్పుడు ఏడాదికి మూడు వేల టన్నులు దాటితే గొప్ప.

ఆ కోకో తోటలను అక్కడ రోసా అంటారు. తోట అన్నానని మన కొబ్బరితోటలా ఊహించుకోకండి. రోసా అంటే ఒక చిన్న రాజ్యం. యజమాని మేడ, ఆఫీసు, ఆస్పత్రి, చర్చి, గింజలు ఆరబెట్టే పొడవాటి కొట్టాలు, రేవు దాకా సొంత చిన్నరైలు పట్టాలు, ఒక గంట. ఆ గంట కొడితే పని మొదలు, మళ్లీ కొడితే ముగింపు. ఒక పక్కన కూలీల గదుల వరుసలు. 1870ల్లో బానిసత్వం చట్టంలో రద్దయితే, స్వేచ్ఛ వచ్చిన స్థానికులు (వీళ్లను ఫోరోలు అంటారు) తోటల్లో అడుగుపెట్టేది లేదన్నారు. దాంతో అంగోలా, మొజాంబిక్, కేప్ వెర్డీ నుంచి ఒప్పందం మీద కూలీలను దింపారు. ఐదేళ్ల ఒప్పందం అని కాగితం మీద ఉండేది. అంగోలా నుంచి వచ్చినవాళ్లలో వెనక్కి వెళ్లినవాళ్లు దాదాపు లేరు. 1901లో ఒక తోట అమ్మకపు కాగితంలో భూమి, యంత్రాలతో పాటు కూలీలకు కూడా వెల కట్టి ఉండటం బ్రిటన్‌లోని క్యాడ్‌బరీ కంపెనీ కంటపడింది. ఆ కంపెనీ ఇక్కడి కోకో కొనడం మానింది 1909లో. మధ్యలో ఎనిమిదేళ్లు విచారణలు, ప్రయాణాలు, ఉత్తరాలు నడిచాయి. కొనుగోళ్లు కూడా నడిచాయి.

మీరు చూడవలసిన మొదటి రోసా రాజధానికి వాయవ్యంగా, అరపూట ప్రయాణంలో ముగిసేదే. పాత పేరు రియో దో ఓరో, ఇప్పుడు అంగోలా తొలి అధ్యక్షుడి పేరు మీద అగోస్తిన్యో నేటో. వెడల్పాటి రాతిబాట నేరుగా కొండ ఎక్కుతుంది, దాని చివర రాజభవనంలాంటి కట్టడం. అది కూలీల ఆస్పత్రి. కప్పు చాలాచోట్ల ఊడిపోయింది, గోడల్లోంచి మర్రిజాతి మొక్కలు మొలిచాయి. నేను వెళ్లేసరికి వార్డుల్లో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. రెండు కిటికీల మధ్య తాడు కట్టి స్కూలు చొక్కాలు ఆరేశారు, మెట్ల మీద ఒక ముసలమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద అరటికాయలు ఉడికిస్తోంది. వాళ్ల అమ్మానాన్నలు కేప్ వెర్డీ నుంచి వచ్చారట, ఆమె ఆ దీవులను ఒక్కసారీ చూడలేదు. నాకు లువాండాలో అబ్బిన పోర్చుగీసు అంతంతమాత్రం, ఆమె మాట్లాడేది కేప్ వెర్డీ యాస. అయినా, మీ ఊళ్లో కూడా కోకో ఉందా అని అడిగి, ఉందంటే కిలో ఎంత ఇస్తారని అడిగింది. మా నాన్నగారు కూడా ఎవరు కలిసినా మొదట అడిగే ప్రశ్న అదే.

ఆ చోట్లను శిథిలాలుగా చూడకండి. అవి జనం ఉంటున్న ఇళ్లు. అడగకుండా ఫొటోలు తీసే పర్యాటకులను చూసి అక్కడివాళ్లు మొహం తిప్పుకోవడం నేను చూశాను. పలకరించి, అడిగి తీసుకోండి.

రెండో ప్రయాణంలో దక్షిణానికి పోతుండగా నా అద్దె జీపుకు టైరు పోయింది. విడి టైరులోనూ గాలి లేదు. డ్రైవరు ఒక మోటార్‌సైకిల్ వెనక టైరుతో సహా ఎక్కి వెళ్లిపోయాడు, నేను రోడ్డు పక్కన కోకో సహకార సంఘం వాళ్ల రేకుల షెడ్డులో మూడు గంటలు కూర్చున్నాను. ఆ దేశంలో నాకు దొరికిన అన్నిటికంటే మంచి మూడు గంటలు అవే. ఐదుగురు ఆడవాళ్లు కాయలు కొడుతున్నారు. ఎడమచేతిలో కాయ, కుడిచేతిలో కత్తి. ఒక దెబ్బ, కొంచెం మెలి, కాయ రెండు చెక్కలు. తెల్లటి గుజ్జుతో గింజల గుత్తిని వేలితో లాగి బకెట్‌లో వేస్తారు. కత్తి లోపలి గింజకు తగలకూడదు, తగిలితే బూజు పడుతుంది. ఆ కొలత చేతికి తెలుసు, కళ్లు మాత్రం కబుర్లు చెప్పేవాళ్ల వైపు ఉన్నాయి. గింజలను చెక్కపెట్టెల్లో పోసి అరటాకులు కప్పుతారు. ఐదారు రోజులు పులుస్తాయి, మధ్యలో ఒక పెట్టెలోంచి మరో పెట్టెలోకి తిరగేస్తారు. ఒకావిడ ఆకు తీసి నన్ను చేయి పెట్టమంది. పెట్టి, వెంటనే లాక్కున్నాను, స్నానం నీళ్ల కంటే వేడి. కింద నిప్పు లేదు, పులుపులోంచి పుట్టిన వేడి. వాసన మొదట సారా బట్టీలా, తర్వాత సిర్కాలా ఉంటుంది. చాక్లెట్ వాసన ఎక్కడా ఉండదు. ఈ పులియబెట్టడంలోనే చాక్లెట్ రుచికి పునాది పడుతుందనీ, తొందరపడి ఎండబెట్టి అమ్మేస్తే ధర తెగుతుందనీ మా తోట దగ్గర ఎన్నిసార్లు విన్నా బుర్రకెక్కలేదు. ఆ పెట్టె అంచున నిలబడితే ఎక్కింది.

ఇక ఆరబెట్టడం. వాన ఎప్పుడొస్తుందో తెలియని ఊరు కనుక పాత రోసాల్లో గింజల పళ్లేలను పట్టాల మీద నడిపేవారు. ఎండ వస్తే బయటికి తోయడం, మబ్బు పడితే కప్పు కిందికి లాగడం. ఆ తుప్పుపట్టిన పట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాజధానిలో క్లావుదియో కొరాల్లో అనే ఇటాలియన్ నడిపే చాక్లెట్ తయారీశాల ఉంది, ఆయన తోట ప్రిన్సిపీలో. రుచి చూపిస్తూ వివరించే ఏర్పాటు ఉంది, తప్పక వెళ్లండి. అక్కడ వేయించిన గింజ పొట్టు తీసి నోట్లో వేసుకున్నాక పాలచాక్లెట్ మీద నాకు గౌరవం తగ్గింది.

చరిత్రలో ఇంకొక్క తేదీ చెప్పి వదిలేస్తాను. 1953 ఫిబ్రవరి 3. గవర్నర్ కార్లోస్ గోర్గుల్యో తమను కూడా తోటల్లో వెట్టికి పెడతాడని ఫోరోలు తిరగబడితే, బటేపా ఊరితో మొదలుపెట్టి వందల మందిని చంపారు. చాలామందిని ఫెర్నావ్ దియాస్ తీరంలో నిర్బంధించి చాకిరీ చేయించారు. అక్కడ ఇప్పుడు స్మారకం ఉంది. 1975 జూలై 12న స్వాతంత్ర్యం వచ్చింది. పోర్చుగీసువాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు, తోటలను ప్రభుత్వం తీసుకుంది. లెక్కలు రాసేవాళ్లు, యంత్రాలు బాగుచేసేవాళ్లు లేక కోకో కుప్పకూలింది. 1991 నుంచి పలు పార్టీల ఎన్నికలు జరుగుతున్నాయి, ఓడినవాళ్లు దిగిపోతున్నారు. నైజీరియాతో కలిసి సముద్రంలో చమురు వెతికారు. చమురు వస్తుందని ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు. రాకపోవడమే మేలేమో అని, చమురు డబ్బుతో నడిచే లువాండాలో ఆరేళ్లు ఉన్నవాడిగా నా అనుమానం.

ప్రకృతి సంగతి. ఇంత చిన్న దీవిలో నైరుతిన ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల దాకా వాన, ఈశాన్యాన వెయ్యి కూడా ఉండదు. ఉత్తరాన ఎండిన గడ్డి, బావోబాబ్ చెట్లు, దక్షిణాన మధ్యాహ్నమే చీకటి పడే అడవి. దక్షిణ రోడ్డులో ఒక మలుపు తిరగగానే పామాయిల్ తోటల పైన పికో కావ్ గ్రాండే నిలబడి ఉంటుంది. అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన లావా, చుట్టూ మట్టి కొట్టుకుపోగా మిగిలిన రాతిస్తంభం, మూడు వందల మీటర్లకు పైన. ఉదయం తొమ్మిది లోపు వెళ్లండి, తర్వాత మబ్బు మింగేస్తుంది. నాకు మొదటి ప్రయాణంలో కనిపించనే లేదు.

ఇంకా దక్షిణాన జాలే తీరంలో సముద్రపు తాబేళ్లు రాత్రిళ్లు గుడ్లు పెడతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాటి కాలం, మీ జనవరి సరిగ్గా సరిపోయింది. కాపలా బృందంతోనే వెళ్లండి, తెల్లటి టార్చి వేయకండి. అక్కడి నుంచి పడవలో అరగంట లోపు రోలాస్ దీవి, దాని మీదుగా భూమధ్యరేఖ పోతుంది. 1910ల్లో పోర్చుగీసు నావికాధికారి గాగో కొటిన్యో సర్వే చేసి రేఖ స్థానాన్ని నిర్ణయించాడు. నేల మీద ప్రపంచపటం, చిన్న స్తంభం. రెండు అర్ధగోళాల్లో చెరో కాలు పెట్టి ఫొటో దిగుతారు, నేనూ దిగాను. అంతకంటే అక్కడ ఏమీ లేదు.

పాముల భయం ఉంటే వినండి: సావో టోమే దీవిలో ఒక నల్లనాగు ఉంది. పోర్చుగీసులు ఎలుకల కోసం తెచ్చిన పామే ఇది అని అందరూ అనుకునేవారు. ఇక్కడ తప్ప ఎక్కడా లేని జాతి అని 2017లో శాస్త్రవేత్తలు తేల్చారు. అడవి బాటల్లో స్థానిక గైడు లేకుండా దిగకండి.

ప్రిన్సిపీకి కనీసం మూడు రోజులు ఇవ్వండి. అక్కడి సుందీ రోసాలోనే 1919 మే 29న బ్రిటన్ ఖగోళశాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫొటోలు తీశాడు. సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రకాంతి వంగుతుందని ఐన్‌స్టీన్ అన్నది నిజమా కాదా తేల్చడానికి. ఆ ఉదయం కుండపోత. గ్రహణం మధ్యాహ్నం రెండు దాటాక. ఐదు నిమిషాల చీకట్లో మబ్బుల సందుల్లోంచి పదహారు ఫొటో ప్లేట్లు తీస్తే పనికొచ్చినవి రెండు. బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో మరో బృందం తీసిన ప్లేట్లతో కలిపి నవంబరులో లండన్‌లో ఫలితం ప్రకటించారు, ఐన్‌స్టీన్ ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. నేను వెళ్లిన రోజు కూడా సుందీలో వానే. ఆ గ్రహణానికి గుర్తుగా పెట్టిన ఫలకం ముందు గొడుగు పట్టుకుని నిలబడి, మబ్బుల్లోకి చూస్తూ ఎడింగ్టన్ పడ్డ హైరానా కొంచెం ఊహించుకున్నాను.

ప్రిన్సిపీకి చిన్న విమానంలోనే వెళ్లండి, ముప్పావు గంట లోపే. సరుకుల ఓడ చవక అని ఎవరైనా చెబితే వినకండి. 2019లో ఆ దారిలో ఒక ఓడ మునిగి మనుషులు చనిపోయారు.

తిండికి మనవాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. కాల్చిన చేప, వేయించిన అరటి, సీమపనస, చేమదుంపలాంటి మటబాలా, అన్నం. కలులూ అనే కూర తప్పక తినండి: పొగబెట్టిన చేప, రకరకాల ఆకులు, బెండకాయ, ఎర్రటి పామాయిల్, గంటల తరబడి సన్నటి సెగ మీద. చూడటానికి గోంగూర పులుసులా ఉంటుంది, పులుపు మాత్రం ఉండదు, మనసు ఒప్పుకోవడానికి రెండు ముద్దలు పడుతుంది. శాకాహారులైతే చేప వద్దని ముందే రెండుసార్లు చెప్పాలి. పనసపండు ప్రతి ఊళ్లోనూ రాలి పడి ఉంటుంది. అది పోర్చుగీసు ఓడల్లో మన దేశం నుంచి వెళ్లిన చెట్టే, పేరు కూడా జాకా, మలయాళం చక్కనుంచి వచ్చిన మాట. ఇక కల్లు. నడుముకు మోకు చుట్టుకుని చెట్టెక్కే మనిషిని రోడ్డు పక్కన చూసి మా గీత కార్మికుడే అనుకున్నాను. చెట్టు వేరు, మోకు అదే, పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు, అదీ అంతే.

ప్రయాణం చుట్టుదారి. మన దేశం నుంచి నేరు విమానం లేదు. లిస్బన్ మీదుగా, లేదా లువాండా మీదుగా వెళ్లాలి. లిస్బన్ విమానాలు కొన్ని ఘనాలోని అక్రాలో ఆగుతాయి. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్‌కు ముందే వాళ్ల అధికారిక సైటులో చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం పసుపు జ్వరం టీకా. అంగోలా, ఘనా లాంటి దేశాల మీదుగా తిరిగొచ్చేటప్పుడు ఆ కార్డు లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచగలరు. కార్డు టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. మలేరియా మాత్రల గురించి డాక్టరును అడగండి, దోమతెర ఉన్న గది చూసుకోండి.

డబ్బు దోబ్రా. 2010 నుంచి యూరోకు ముడిపెట్టారు, కొత్త నోట్లలో ఒక యూరోకు ఇరవై నాలుగున్నర దోబ్రాలు. కార్డు మీద భరోసా పెట్టుకోకుండా చిన్న యూరో నోట్లు తీసుకెళ్లండి. కరెంటు తరచూ పోతుంది. ఇంగ్లిషు పెద్దగా పనిచేయదు, నాలుగు పోర్చుగీసు మాటలు నేర్చుకోండి. ఎవరినైనా ఎలా ఉన్నారని అడిగితే లేవె-లేవె అంటారు, మెల్లమెల్లగా అని అర్థం. హోటల్లో భోజనం ఎప్పుడొస్తుందని అడిగినా ఇంచుమించు అదే జవాబు, కాబట్టి ఆకలి వేయకముందే చెప్పి ఉంచండి.

పిల్లలు దోసె, దోసె అని అరుస్తూ వెంటపడతారు. మొదటిసారి ఉలిక్కిపడ్డాను. పోర్చుగీసులో మిఠాయి అని అర్థం. పంచకండి, అలా పంచి పంచి పర్యాటకులే ఆ అలవాటు చేశారు. ఇవ్వాలనుంటే పెన్నులు, నోటుపుస్తకాలు బడిలో టీచరు చేతికివ్వండి.

జనవరి అంటే వానకాలమే, కానీ ఆ నెలలో వాన కాస్త తెరిపిస్తుంది. పూర్తిగా పొడి కావాలంటే జూన్ నుంచి సెప్టెంబరు. పన్నెండు రోజుల్లో రానూపోనూ మూడు రోజులు పోతాయి. మిగిలిన తొమ్మిదిలో ప్రిన్సిపీకి మూడు, దక్షిణాన రెండు రాత్రులు, మిగతావి రాజధాని చుట్టుపక్కల రోసాలకు. ప్రిన్సిపీ విమానంలో సీట్లు చాలా తక్కువ, వాతావరణం బాగాలేకపోతే ఆ రోజు ఎగరదు కూడా. అందుకని ప్రిన్సిపీని ప్రయాణం మొదట్లోనే పెట్టుకోండి, చివర్లో పెట్టుకుంటే ఇంటికొచ్చే విమానం తప్పే ప్రమాదం ఉంది.